దూరపు పరుగు నేర్పే లెక్క



హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ వైపు వస్తుంటే దారిలో చిక్కడపల్లి తగులుతుంది. అక్కడి పక్క సందుల్లోకి తిరిగితే అశోక్‌నగర్. సర్కారు కొలువు కోసం చదివే పిల్లలకు ఈ పేటలు కొట్టిన పిండి. ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి పెట్టె సర్దుకుని వచ్చినవాళ్లు ఇక్కడి హాస్టల్ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి సర్దుకుంటారు. నెలకింత అని కట్టి స్టడీ హాల్లో సీటు తీసుకుంటారు. సీటంటే రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య ఒక కుర్చీ, మోచేతులు ఆనేంత బల్ల, తల మీద లైటు, ఫోను చార్జింగుకు ఒక ప్లగ్గు, ఎదురుగా చెక్కకు అంటించుకున్న టైమ్‌టేబుల్. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే గేటు దగ్గరుండాలి. ఈ పేటల్లోని కోచింగ్ క్లాసుల్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట ఒకటుంది. ప్రిపరేషన్ అంటే వంద మీటర్ల పరుగు కాదు, మారథాన్ అంటారు. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ దీన్ని ఒకే అర్థంలో తీసుకుంటారు. ఎన్నేళ్లయినా సరే, పళ్లు బిగబట్టి పట్టు వదలకుండా కూర్చోమని. మారథాన్ పరుగెత్తేవాళ్లు నిజంగా చేసేది అదేనా? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. దూరపు పరుగు అన్నిటికన్నా ముందు నేర్పేది లెక్క అని నా వాదన. ఉన్న బలమెంత, దాన్ని ఎంత దూరానికి పంచాలి, మళ్లీ ఎప్పుడు కూడదీసుకోవాలి, ఎక్కడ ఆగాలి అనే లెక్క. ఆ లెక్క తెలియని పట్టుదల దారి మధ్యలోనే మనిషిని కూల్చేస్తుంది.

మొదట దూరం సంగతి చూద్దాం. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఈ దూరమే 1921 నుంచి అంతర్జాతీయ ప్రమాణమైంది. మనిషి దేహంలో కండరాలు, కాలేయం కలిసి గ్లైకోజెన్ రూపంలో దాచుకునే ఇంధనం దాదాపు రెండు వేల కేలరీలకు మించదు. వేగంగా పరుగెత్తేటప్పుడు దేహం ఎక్కువగా వాడుకునేది ఈ నిల్వనే. మామూలు బరువున్న మనిషికి కిలోమీటరు పరుగుకు అరవై డెబ్బై కేలరీలు ఖర్చవుతాయి కాబట్టి ముప్పై కిలోమీటర్లు దాటేసరికి నిల్వ అడుగంటుతుంది. కొవ్వు ఎంతో ఉంటుంది కానీ అది నెమ్మదిగా మండుతుంది, ఆ వేగానికి అందిరాదు. అప్పటిదాకా తేలిగ్గా పడిన కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి. రన్నర్లు దీన్ని 'వాల్' అంటారు, అంటే గోడ. ఈ గోడ ఎంత తొందరగా ఎదురొస్తుందనేది మొదటి పది కిలోమీటర్లలో పోయిన వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం పెరిగినకొద్దీ దేహం కొవ్వును తక్కువగా, గ్లైకోజెన్‌ను ఎక్కువగా వాడుతుంది. అందుకని పొద్దున ఒళ్లు తేలిగ్గా, ఉత్సాహంగా ఉన్నప్పుడు చేసిన దుబారా మధ్యాహ్నానికి వడ్డీతో సహా తీర్చాల్సి వస్తుంది. పరుగు చివర్లో మనోబలం పనికొస్తుందన్నది నిజమే, అయితే మొదట్లో తప్పిన లెక్కను ఆ బలం సరిచేయలేదు.

చరిత్రలో దీనికి పేరుమోసిన సాక్ష్యం అదే 1908 లండన్ పరుగులో ఉంది. ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి చాలాసేపు వెనక ఉండి, చివర్లో ముందున్న వాణ్ని అందుకోవడానికి వేగం పెంచాడు. అందుకున్నాడు, దాటాడు, అందరికన్నా ముందు స్టేడియంలో అడుగుపెట్టాడు. ఆ తర్వాత ఎటు పోవాలో తెలియక దారి తప్పాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. మిగిలిన ఆ మూడు నాలుగు వందల మీటర్లకే పది నిమిషాలు పట్టింది. నిర్వాహకులు చేయిచ్చి గీత దాటించారు. బయటివాళ్ల సాయం పొందాడని పతకం రద్దయింది, వెనక వచ్చిన అమెరికన్ జానీ హేస్ విజేత అయ్యాడు. ప్రేక్షకుల జాలి మాత్రం పియెత్రికే దక్కింది. నూట పదకొండేళ్ల తర్వాత, 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్చోగె ఇదే దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేశాడు. వేగం చూపే వాహనం ముందు నడిచింది, తోటి రన్నర్లు వంతులవారీగా గాలిని అడ్డుకున్నారు. అందుకే అధికారిక రికార్డుల్లో దాన్ని లెక్కించలేదు. మనకు కావలసింది ఆ పరుగు తీరు. ప్రతి కిలోమీటరూ 2 నిమిషాల 48 సెకన్లకూ 2 నిమిషాల 52 సెకన్లకూ మధ్యే సాగింది. రెండు గంటల పాటు నాలుగు సెకన్ల తేడా. చూసేవాళ్లకు ఇందులో నాటకీయత ఏమీ కనిపించదు. పియెత్రి పరుగు కథగా బాగుంటుంది, కిప్చోగె పరుగు లెక్కగా బాగుంటుంది. దూరం వెళ్లాలనుకునేవాళ్లు నేర్చుకోవలసింది రెండోదాని నుంచే.

ఒలింపిక్స్ దాకా ఎందుకు, మన కానిస్టేబుల్, ఎస్సై అభ్యర్థులు 'ఈవెంట్స్' అని పిలిచే దేహదారుఢ్య పరీక్షల్లోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని నిబంధన. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 109 సెకన్ల లోపు. ఒక కుర్రాడు విజిల్ వినగానే గుంపుతో పాటు దూకి మొదటి రౌండు 80 సెకన్లలో కొట్టాడనుకుందాం. దాదాపు అర నిమిషం మిగిలిందని సంబరపడతాడు. రెండో రౌండు 105 పడుతుంది. మూడో దానికి ఆయాసం మొదలై, పిక్కలు పట్టేసి 125కు దిగజారుతుంది. నాలుగోది 130. మొత్తం 440 సెకన్లు, గడువేమో 435. ఐదు సెకన్లలో కొలువు చేజారింది. అతని పక్కనే మొదటి రౌండులో అందరికన్నా వెనకబడి, గట్టు మీద నిలబడ్డవాళ్ల చేత 'ఉరుకు, ఉరుకు' అనిపించుకుంటూ రౌండుకు 108 చొప్పున నాలుగూ ఒకే తీరుగా పోయినవాడు 432లో గీత దాటుతాడు. ఇద్దరి దమ్ములో తేడా ఏమంత లేదు, ఖర్చు పెట్టిన తీరులోనే తేడా. స్టడీ హాల్లో చేరిన మొదటి నెలలో రోజుకు పద్నాలుగు గంటలు చదివి, మూడో నెలకు పుస్తకం తెరవాలంటేనే వెగటు పుట్టి, నోటిఫికేషన్ వచ్చే వేళకు జ్వరమో నీరసమో తెచ్చుకుని ఊరికి పోయేవాళ్లు ఈ మొదటి కుర్రాడి బాపతే. రోజుకు ఏడెనిమిది గంటలు, ఏడాది పొడవునా, పండగలకూ జ్వరాలకూ చోటు వదిలి చదివేవాళ్లు రెండో బాపతు.

మారథాన్ శిక్షణలో ఇంకో విశేషం ఉంది. గొప్ప దూరపు రన్నర్లు రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తుతారని చాలామంది అనుకుంటారు. స్టీఫెన్ సైలర్ అనే క్రీడా శాస్త్రవేత్త అగ్రశ్రేణి క్రీడాకారుల శిక్షణ వివరాలను పరిశీలించి చెప్పింది వేరు. వాళ్ల శిక్షణలో దాదాపు ఎనభై శాతం మాట్లాడుకుంటూ పోగలిగేంత తేలిక వేగంలో జరుగుతుంది. మిగతా ఇరవై శాతమే కఠినమైనది. కారణం దేహం పనితీరులో ఉంది. నెమ్మది పరుగుతో కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతుంది, కొవ్వును వాడుకునే నేర్పు వస్తుంది. ఇవన్నీ వారాలు, నెలల మీద జరిగే పనులు. గుండెకు, కండరాలకు వారాల్లోనే సత్తువ వస్తే, ఎముకలూ కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల వంటి పట్టీలూ గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. దమ్ము వచ్చింది కదా అని ఒక్కసారిగా దూరం పెంచినవాళ్ల మోకాలి కిందా మడమ వెనకా నొప్పి పట్టుకోవడం ఇందువల్లే. పైగా ఈ ఎదుగుదల పరుగెత్తే సమయంలో జరగదు. పరుగు దేహానికి ఒక దెబ్బ, విశ్రాంతిలో ఆ దెబ్బ మానుతూ దేహం మునుపటికన్నా గట్టిపడుతుంది. నిద్ర తగ్గించి సాధన పెంచినవాడు దెబ్బలు పెంచుకుంటున్నాడే తప్ప బలం పెంచుకోవడం లేదు. రాత్రి రెండింటిదాకా లైటు వెలిగే స్టడీ హాలును చూసి మనం మెచ్చుకుంటాం. ఆ రోజు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనేనని మరిచిపోతాం.

చదువుకూ పరుగుకూ మధ్య ఉన్న పోలిక మాటవరసకు చెప్పేది కాదనడానికి ఒక ప్రయోగం ఉంది. సామ్యుయెలె మార్కోరా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో పదహారు మందిని తీసుకున్నారు. ఒక రోజు వాళ్లచేత తొంభై నిమిషాల పాటు కంప్యూటర్ ముందు మెదడు అలసిపోయే పని చేయించారు. ఇంకో రోజు అంతసేపూ మామూలు డాక్యుమెంటరీ చూపించారు. రెండు రోజులూ ఆ తర్వాత ఇక చాలనేదాకా సైకిల్ తొక్కించారు. మెదడు అలసిన రోజు దాదాపు పదిహేను శాతం ముందే చేతులెత్తేశారు. గుండె, ఊపిరి కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే పని కష్టంగా తోచింది, అంతే. కష్టం ఎంతన్నది మెదడు కట్టే లెక్క, అలసిన మెదడు ఆ లెక్కను పెంచి చూపిస్తుంది. పగలంతా కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టి సాయంత్రం గ్రౌండుకు వెళ్లి, 'నాకు దమ్ము లేదు, పోలీసు కొలువు నాకు రాసిపెట్టి లేదు' అనుకునే అభ్యర్థి ఈ సంగతి తెలుసుకోవాలి. తగ్గింది ఆ పూట ఓపిక. దాన్నిబట్టి తన సత్తా మీద తీర్పు చెప్పుకోకూడదు. ముఖ్యమైన నిర్ణయాలు అలసట మీద తీసుకోకూడదని పెద్దలు చెప్పినదానికి ప్రయోగశాలలో దొరికిన రుజువిది.

ఎంత చేస్తే అంత మంచిదన్న నమ్మకాన్ని కూడా ఈ పరుగే పటాపంచలు చేసింది. చాలాకాలం పాటు మారథాన్‌లో వీలైనన్ని నీళ్లు తాగమని సలహా ఇచ్చేవారు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే పదమూడు శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. వాళ్లలో ఎక్కువమంది పరుగు దారిలో నీళ్లు అవసరానికి మించి తాగి, బయల్దేరినప్పటికన్నా బరువు పెరిగి వచ్చినవాళ్లు. సోడియం మరీ పడిపోతే ప్రాణానికే ముప్పు. మోకాళ్ల సంగతీ ఇంతే. పరుగెత్తితే మోకాళ్లు అరుగుతాయని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. పాత అధ్యయనాలను క్రోడీకరించి 2017లో వెలువడిన విశ్లేషణలో, ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం ఉంటే, పరుగే ఎరగకుండా కూర్చునేవారిలో 10.2 శాతం, పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 శాతం ఉన్నట్టు తేలింది. కదలకపోయినా నష్టమే, హద్దు మీరినా నష్టమే. అతి సర్వత్ర వర్జయేత్ అని వింటూనే పెరిగాం. దూరపు పరుగులో అది అంకెల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది బలమైనది. మారథాన్‌కు దూరం ముందే తెలుసు, గీత కదలదు. అశోక్‌నగర్ కుర్రాళ్ల సంగతి అలాంటిదా? రాష్ట్రం ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. మెయిన్స్‌కు ముందు అశోక్‌నగర్ రోడ్ల మీద అభ్యర్థుల ఆందోళన పత్రికల్లో చూశాం. ఎంపికైనవాళ్లకు నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరులో. మొదటి నోటిఫికేషన్ నుంచి చూస్తే మూడేళ్లు దాటింది. నలభై కిలోమీటర్లు వచ్చినవాణ్ని ఆపి, మళ్లీ మొదటికి పొమ్మన్నట్టే కదా? ఇలాంటి చోట వేగం లెక్కలు ఏం పనికొస్తాయి?

దీనికి నా జవాబు రెండు భాగాలు. గీతను కదపడం నిర్వాహకుడి తప్పు, దానికి రన్నర్ ఓర్పు పరిహారం కాదు. దారి కొలిచి, సమయం ప్రకటించి, చెప్పిన చోట గీత గీయడం పరుగు పెట్టేవాళ్ల కనీస బాధ్యత. ఏటా ఆగస్టు చివర్లో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా సాగే హైదరాబాద్ మారథాన్‌కు కూడా నెలల ముందే తేదీ, దారి, గడువు చెబుతారు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే ఆ కష్టమైన దారికి జనం సిద్ధపడి వస్తున్నారంటే అది ముందే తెలిసిన కష్టం కాబట్టి. లక్షల మంది జీవితాలతో ముడిపడ్డ పరీక్షలకు కూడా ఆ మాత్రం నియమం ఉండాలి. 2024 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించడం ఆ అవసరాన్ని గుర్తించినట్టే. ప్రకటించిన తేదీలను నిలబెట్టుకున్నప్పుడే ఆ గుర్తింపుకు విలువ. కాబట్టి అభ్యర్థులకు మారథాన్ ఉపన్యాసం ఇచ్చే హక్కు పరీక్ష పెట్టేవాళ్లకు చివర్లోనే వస్తుంది. ఇది మొదటి భాగం.

రెండో భాగం, దూరం తెలియని పరుగులు కూడా ఉన్నాయి. అమెరికాలోని టెనెసీకి చెందిన గ్యారీ కాంట్రెల్ బ్యాక్‌యార్డ్ అల్ట్రా అనే పోటీని రూపొందించాడు. ప్రతి గంటకూ గంట కొట్టగానే బయల్దేరి, ఆ గంటలోపు 6.7 కిలోమీటర్ల చుట్టు ఒకటి పూర్తి చేయాలి. మళ్లీ గంట కొట్టేసరికి గీత దగ్గర నిలబడాలి. ఒక్కరు మిగిలేదాకా ఇలా సాగుతూనే ఉంటుంది. ఎన్ని గంటలో ఎవరికీ తెలియదు. 2023లో హార్వీ లూయిస్ నూట ఎనిమిది గంటలు, అంటే నాలుగున్నర రోజులు నిలబడ్డాడు. ఇందులో వేగంగా పోయినా ఎక్కువ మార్కులు లేవు. మరీ నెమ్మదిగా పోతే తినడానికి, కన్ను మూయడానికి ఆ గంటలో నిమిషాలు మిగలవు. మొత్తం దూరం గురించి ఆలోచించినవాడు మనసు విరిగి ముందే తప్పుకుంటాడు, ఈ గంట గురించి ఆలోచించినవాడు నిలుస్తాడు. ముగింపు మన చేతిలో లేనప్పుడు లెక్కను చిన్న ముక్కకు కుదించుకోవాలి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని అభ్యర్థికి వారమే ఆ ముక్క. ఈ వారం ఎంత చదివాను, ఎంత నిద్రపోయాను, ఎంత డబ్బు ఖర్చయింది, పక్కన ఇంకే పని నేర్చుకున్నాను? వచ్చే వారం గీత దగ్గర మళ్లీ నిలబడే స్థితిలో ఉన్నానా? తెలియని ముగింపు కోసం చేసే దీర్ఘ ప్రయత్నంలో కొలవగలిగింది ఇంతే.

రెండో అభ్యంతరం ఇలా ఉంటుంది. పరుగు వల్ల జీవితం మారిందని చెప్పేవాళ్లంతా గీత దాటినవాళ్లే కదా, పడిపోయినవాళ్లను ఎవరు అడిగారు? పైగా మైదానంలో నేర్చిన క్రమశిక్షణ బల్ల దగ్గరకు తనంతట తానే నడిచొస్తుందా? ఈ ప్రశ్న న్యాయమైనదే. పరుగెత్తే ప్రతివాడూ బుద్ధిమంతుడు కాడు. మెడల్ మెడలో వేసుకుని ఫొటో దిగినంత మాత్రాన లెక్క రాదు. అందుకే పరుగు శీలాన్ని పెంచుతుందని నేను అనడం లేదు. నేననేది దానికన్నా చిన్న సంగతి. తన గురించి తాను వేసుకున్న అంచనా తప్పైతే, చదువులో అది బయటపడటానికి ఏడాది పట్టొచ్చు, పరుగులో గంటలో బయటపడుతుంది. ఇంత తొందరగా, ఇంత నిష్పక్షపాతంగా జవాబు చెప్పే పరీక్ష ఇంకోటి దొరకడం కష్టం. రాసుకుని, పోల్చుకుని, మరుసటి వారం సరిదిద్దుకునేవాడికే ఆ జవాబు పనికొస్తుంది. రాసుకోనివాడికి పరుగు ఒక వ్యాయామం, మంచిదే, అంతకు మించి ఏమీ నేర్పదు.

మూడోది, ఇదంతా తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా అనే మాట. ఖరీదైన బూట్లు, వాచీలు, ప్రవేశ రుసుములు చూస్తే అలాగే అనిపిస్తుంది. మన దేశపు దూరపు పరుగు చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. బిహార్ పల్లెలో పుట్టి సైన్యంలో చేరిన శివనాథ్ సింగ్ పాదాలకు టేపు చుట్టుకుని ఉత్త కాళ్లతో పరుగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేసి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. బూట్లు లేకపోయినా ఫర్వాలేదు కానీ చోటు లేకపోతే కుదరదు. ఆ మాటకొస్తే అసలు కొరత అదే. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ అంటే బండ్లు, సామాన్లు, పార్కింగు. ఇందిరా పార్కు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కు ఈ పేటలవాళ్లకు ఊపిరి పీల్చుకునే చోట్లు. చీకటి పడ్డాక హాస్టల్లో ఉండే ఆడపిల్లలకు ఆ మాత్రం చోటు కూడా అందదు. కాబట్టి ఈ అభ్యంతరం పరుగు మీద కాదు, నగరం మీద వేయాలి. వెలుతురున్న దారులు, పొద్దున్నా సాయంత్రం తెరిచి ఉండే మైదానాలు ఇక్కడి యువతకు పుస్తకాలంత అవసరం.

చివరగా, మన సమాజం వినడానికి ఇష్టపడని లెక్క ఒకటి మిగిలింది. అది ఆగడం. 1912 జూలై 14న స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ ముప్పై డిగ్రీలు దాటిన ఎండలో జరిగింది. బయల్దేరినవాళ్లలో దాదాపు సగం మంది పూర్తి చేయలేదు. పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లాజరో ఎండ తగలకుండా ఒంటికి మైనం పూసుకున్నాడు. చెమట బయటికి రాక దేహం ఉడికిపోయింది. కూలిపోయేదాకా పరుగెత్తి మర్నాడు కన్నుమూశాడు. అదే పరుగులో జపాన్‌కు చెందిన షిజో కనకురి సొమ్మసిల్లి, దారి పక్కన ఒక ఇంటివాళ్ల ఆతిథ్యంలో సేద తీరి, పోటీ నుంచి తప్పుకుని స్వదేశానికి వెళ్లిపోయాడు. ఓడిపోయానని కుమిలిపోతూ కూర్చోలేదు. 1920లో హకోనె ఎకిడెన్ అనే దూరపు రిలే పరుగును మొదలుపెట్టడంలో ముందు నిలిచాడు. జపాన్‌లో మారథాన్ పితామహుడని పేరు పొందాడు. 1967లో స్వీడన్ వాళ్లు పిలిచి, ఆగిన పరుగు పూర్తి చేయించారు. యాభై నాలుగేళ్ల ఎనిమిది నెలల ఆరు రోజుల పైచిలుకు సమయం నమోదైంది. ఆగినవాడు తొంభై ఏళ్లు దాటి బతికాడు, ఒక దేశానికి పరుగు నేర్పాడు. ఆగని వాడికి ఇరవై నాలుగు గంటలు కూడా దక్కలేదు.

ఆగితే పిరికితనమేనని వాదించేవాళ్లు ఒక సంగతి గమనించాలి. అనుభవమున్న రన్నర్లు ఎక్కడ ఆగాలో బయల్దేరకముందే నిర్ణయించుకుంటారు. ఛాతీలో నొప్పి వస్తే, నడక తడబడితే, ఫలానా చోటికి ఫలానా సమయంలోపు చేరకపోతే ఆగాలని. పరుగు మధ్యలో ఆ నిర్ణయం తీసుకునే తెలివి మిగలదని వాళ్లకు తెలుసు. అంకెల మోజు కూడా మనిషిని మభ్యపెడుతుంది. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, నాలుగు గంటల వంటి గుండు అంకెలకు కాస్త ముందు ముగించినవాళ్లు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారని, దాటాక ముగించినవాళ్లు తగ్గారని చూపించారు. మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలకూ నాలుగు గంటల ఒక నిమిషానికీ ఆరోగ్యంలో తేడా లేదు, తేడా అంతా మనసులోనే. 'ఈ ఒక్క అటెంప్ట్' అనే మాటలో ఉన్న ఆకర్షణ కూడా ఇలాంటిదే. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థులకు ఆరు అటెంప్టులనీ 32 ఏళ్లనీ యూపీఎస్సీయే హద్దు గీసింది. తెలంగాణలో 2024 గ్రూప్-1కు గరిష్ఠ వయసు 46. ఆలస్యాల వల్ల నష్టపోయినవాళ్లకు అది న్యాయమే. అయితే 46 దాకా రాయొచ్చంటే 46 దాకా రాయాలని అర్థం కాదు. ప్రభుత్వం గీసిన గీత ఒకటి, ఎవరి ఆరోగ్యాన్నీ ఇంటి పరిస్థితినీ బట్టి వాళ్లు గీసుకోవలసిన గీత ఇంకొకటి. ఈ రెండోదాన్ని చల్లటి బుర్రతో, ముందే, కాగితం మీద గీసుకోవాలి.

కాబట్టి శ్రోతలారా, ప్రిపరేషన్ మారథానే అని పిల్లలకు చెప్పేవాళ్లు ఆ పోలికను సగంలో వదిలేయకండి. మారథాన్ అంటే మొదటి రౌండులో తొందరపడకపోవడం, రోజుల్లో ఎక్కువ భాగం తేలిగ్గా శ్రమించడం, నిద్రను సాధనలో భాగంగా చూడటం, అలసిన పూట తన మీద తాను తీర్పు చెప్పుకోకపోవడం, ఆగే చోటు ముందే తెలిసి ఉండటం. ఇవన్నీ కలిపి చెప్పండి. అశోక్‌నగర్ గదుల్లో ఈ మాటలు వింటున్న పిల్లలకు నా విన్నపం ఒకటే. మీ టైమ్‌టేబుల్ పక్కన ఇంకో కాగితం అంటించండి. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు ఏడు గంటల నిద్ర, అరగంట నడకో పరుగో, ఎన్నాళ్లు రాస్తానో ఆ గడువు, అది దాటితే చేయబోయే పని, ఈ ఐదూ దాని మీద రాయండి. ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఆ గడువును గౌరవించండి. ఆ రోజు వచ్చి పిల్లవాడు ఆగితే, ఓడిపోయి వచ్చాడనకండి, లెక్క తెలిసి వచ్చాడనండి.